వెబ్ సెక్యూరిటీ నుంచి ఇంటర్నెట్ గవర్నెన్స్‌కి: ఇదసలు ఉద్యోగమేనా?

అర్ధరాత్రిప్యాచ్:

ఏడేళ్లుగా వెబ్ సెక్యూరిటీలో ఉన్నాను. వేరేవాళ్ల కోడ్‌లో కంతలు వెతకడం, రిపోర్టు రాయడం, ఆర్నెల్లకి అదే కంత అదే చోట కనిపిస్తే పాత రిపోర్టు తేదీ మార్చి మళ్లీ పంపడం. విసుగొచ్చింది.

మొన్న ఒక పనికోసం టీఎల్‌ఎస్ (బ్రౌజర్‌కీ సైటుకీ మధ్య సంభాషణని గుప్తంగా ఉంచే ప్రోటోకాల్) 1.3 స్పెసిఫికేషన్ చదవాల్సి వచ్చింది. అందులో ఒక వింత చూశాను. క్లయింటు పంపే మొదటి మెసేజ్‌లో వెర్షన్ 1.3 అని ఉండదు, 1.2 అనే ఉంటుంది. అసలు వెర్షన్ ఎక్కడో ఒక ఎక్స్‌టెన్షన్‌లో దాక్కుని ఉంది. ఎందుకిలా అని తవ్వుకుంటూ పోతే దాన్ని రాసినవాళ్ల మెయిలింగ్ లిస్టు పాత మెయిళ్లలో తేలాను. చూసేసరికి తెల్లారింది.

ఆ మెయిళ్లు రాసేవాళ్లు ఎవరండీ? వాళ్లకి జీతం ఎవరిస్తారు? ఐకాన్, ఐఈటీఎఫ్, డబ్ల్యూత్రీసీ, ఐజీఎఫ్ అని వినడమే తప్ప ఎవరు ఏం చేస్తారో తెలీదు. నాలాంటివాడు అటు వెళ్లొచ్చా? వెళ్లినవాళ్లు ఉంటే చెప్పండి.

గడపకాపరి:

తెల్లారేదాకా లిస్టు చదివారంటే మీకు అంటుకున్నట్టే. మందు లేదు.

ముందు చిక్కుముడి విప్పుదాం. అంతటికీ ఒక ఆఫీసు, ఒక అధిపతి అంటూ లేరు. పేర్లు, నంబర్ల పట్టికలు ఐకాన్ చూస్తుంది. యంత్రాలు ఒకదానితో ఒకటి ఎలా మాట్లాడుకోవాలో ఐఈటీఎఫ్ రాస్తుంది. బ్రౌజర్‌లో జరిగే వ్యవహారం డబ్ల్యూత్రీసీ, వాట్‌డబ్ల్యూజీ పంచుకున్నాయి, అదీ కొన్నేళ్లు కీచులాడుకున్నాక. సైటు అసలుదేనని చాటే సర్టిఫికెట్లకి ఏ నియమాలుండాలో బ్రౌజర్ కంపెనీలూ సర్టిఫికెట్లు ఇచ్చే సంస్థలూ (వీటినే సీఏలంటారు) సీఏ/బ్రౌజర్ ఫోరంలో ఓటేసి తేల్చుకుంటాయి. ఐజీఎఫ్ దేన్నీ తేల్చదు. ప్రభుత్వాలూ కంపెనీలూ పౌర సంఘాలూ ఒక గదిలో కూర్చుని మాట్లాడుకోవాలని 2005లో ట్యునిస్ సమావేశం చెప్పింది, 2006లో ఏథెన్స్‌లో మొదలైంది.

నేనెలా వచ్చానో చెబుతాను. 2008లో ఒక ఇంటర్నెట్ ప్రొవైడర్ దగ్గర డీఎన్‌ఎస్ సర్వర్లు, అంటే సైట్ల పేర్లకి నంబరు చిరునామాలు చెప్పేవి, చూసేవాణ్ని. జులై 8న పెద్ద కంపెనీలన్నీ ఒకేరోజు డీఎన్‌ఎస్ లోపం ఒకటి సరిచేసే ప్యాచ్‌లు వదిలాయి. అంతకుముందు అలాంటిది చూడలేదు. డాన్ కమిన్‌స్కీ అనే పరిశోధకుడు కొన్ని నెలలు గుట్టుగా అందర్నీ ఒక తాటిమీదికి తెచ్చి ఆ పని చేయించారు. వివరాలు ఆగస్టులో చెబుతానన్నారు, రెండు వారాలకే బయటికి పొక్కాయి.

విషయం ఇదీ. సర్వర్ అడిగే ప్రతి ప్రశ్నకీ 16 బిట్ల నంబరు ఉంటుంది, అంటే 65,536లో ఒకటి. దొంగ జవాబు పంపేవాడు ఆ నంబరు ఊహించాలి. ఒకసారి తప్పితే సర్వర్ గుర్తుపెట్టుకున్న అసలు జవాబు గడువు తీరేదాకా ఆగాల్సిందే, కాబట్టి ఫర్వాలేదని అందరం అనుకున్నాం. కమిన్‌స్కీ ఆ ఆగడాన్ని తీసేశారు. లేని పేర్లు వరసగా అడిగిస్తూ పోతే ప్రతిసారీ కొత్త అవకాశమే, పైగా దొంగ జవాబుతో పాటే ఆ డొమైన్ నేమ్‌సర్వర్ చిరునామానీ మార్చేయొచ్చు. ప్యాచ్ ఏం చేసిందంటే ప్రశ్న బయల్దేరే పోర్టు నంబరు కూడా యాదృచ్ఛికం చేసింది. ఊహించాల్సింది వేల రెట్లు పెరిగింది.

ఆ రాత్రే అన్ని సర్వర్లకీ ప్యాచ్ వేసి ఇంటికెళ్లి పడుకున్నాను. మర్నాడు టెస్టు చేస్తే ఫెయిల్! మా ఫైర్‌వాల్ ఆ పోర్టులన్నిటినీ బుద్ధిగా మళ్లీ వరస నంబర్లలోకి మార్చి బయటికి పంపుతోంది. ప్యాచ్ వేసిన ఫలితం గడప దాటేలోపే పోయింది. నా పేరు అక్కణ్నుంచే.

అప్పుడు అర్థమైంది, ఇది చిట్కా వైద్యం, రోగం ప్రోటోకాల్‌లో ఉంది అని. అసలు వైద్యం డీఎన్‌ఎస్ జవాబులకి డిజిటల్ సంతకం పెట్టే డీఎన్‌ఎస్‌సెక్, అది కాగితం మీద అప్పటికే ఏళ్లుగా ఉంది. మరి ఎందుకు రాలేదు? ఈ ప్రశ్నకి జవాబు కోడ్‌లో లేదు. పేర్ల పట్టికల్లో అన్నిటికన్నా పైదైన రూట్ జోన్‌కి సంతకం ఎవరు చేయాలి, తాళం ఎవరి చేతిలో ఉండాలి అన్న తగువులో ఉంది. రూట్‌కి సంతకం 2010 జులై 15న పడింది. ఆ తగువు చదవడం మొదలుపెట్టినవాణ్ని ఇంకా బయటికి రాలేదు.

ఎర్రగీత:

కథ బాగుంది. మరి అసలు ప్రశ్నకి జవాబేదీ? జీతం ఎవరిస్తారు?

నేను చెబుతాను. ఇంటర్నెట్ ప్రమాణాలు రాసే పత్రాలు ఆర్‌ఎఫ్‌సీలు. ఏ ఆర్‌ఎఫ్‌సీ అయినా తెరవండి, చివర రచయితల పేర్ల పక్కన కంపెనీ పేరుంటుంది. బ్రౌజర్ కంపెనీ, రౌటర్ కంపెనీ, సైట్ల కాపీలు లోకమంతా ఉంచే సీడీఎన్ కంపెనీ. మధ్యలో ఒకరిద్దరు ప్రొఫెసర్లు. సభ్యత్వం లేదు, ఎవరైనా రావచ్చు అంటారు. నిజమే, పెళ్లికి ఊరంతా రావచ్చు, పంక్తిలో ముందు కూర్చునేది ఎవరో అందరికీ తెలుసు.

గడపకాపరి:

కాదనను. 1992లో ఇంటర్నెట్ తొలి రూపశిల్పుల్లో ఒకరైన డేవిడ్ క్లార్క్ అన్న మాటే ఐఈటీఎఫ్‌కి మంత్రం: రాజులొద్దు, అధ్యక్షులొద్దు, ఓటింగు వద్దు, మోటు ఏకాభిప్రాయమూ నడిచే కోడూ చాలు అని. గదిలో చేతులెత్తించకుండా, నోరు విప్పకుండా గుంయ్‌మని హమ్ చేయమనడం ఆనవాయితీ. ఏ పక్క శబ్దం గట్టిగా వస్తుందో మీటింగు నడిపేవాడు వింటాడు. బయటివాళ్లకి నవ్వులాట. కానీ అందులో ఒక కిటుకుంది. తలలు లెక్కపెడితే ఎక్కువమంది ఉద్యోగుల్ని పంపిన కంపెనీ గెలుస్తుంది. హమ్‌లో లెక్క ఉండదు, ఒక్కడు లేచి గట్టి సాంకేతిక అభ్యంతరం చెబితే దానికి జవాబు చెప్పాకే ముందుకెళ్లాలి. కనీసం నియమం అదీ.

ఆచరణలో మీరన్నట్టే ఏడాదికి మూడు మీటింగులు, వాటి మధ్య రోజూ వచ్చే మెయిళ్లు. ఎవరో ఒకరు జీతమిస్తే తప్ప అంత సమయం పెట్టలేం. నాకూ ఇస్తున్నారు. 2020లో మార్క్ నాటింగ్‌హామ్ సంపాదకత్వంలో ఐఏబీ (ఐఈటీఎఫ్‌కి దిశ చూపే బోర్డు) ఆర్‌ఎఫ్‌సీ 8890 తెచ్చింది: ఇంటర్నెట్ ఉన్నది తుది వాడుకరుల కోసం, ప్రయోజనాలు ఢీకొంటే వాళ్ల పక్షాన నిలబడాలి అని. అలా రాసుకోవాల్సి వచ్చిందంటేనే గదిలో గాలి ఎటు వీస్తోందో తెలుస్తుంది కదా.

పాతకేబుల్:

మొదటి పోస్టులో వెర్షన్ నంబరు గురించి అడిగారు, ఎవరూ పట్టించుకోలేదు! నాకు ఇష్టమైన కథ అది, నేను చెబుతా.

టీఎల్‌ఎస్ నియమం ప్రకారం క్లయింటు తనకొచ్చిన పెద్ద వెర్షన్ చెప్పాలి, సర్వర్‌కి అది రాకపోతే తనకొచ్చింది చెప్పాలి. చక్కటి ఏర్పాటు. కానీ చాలా సర్వర్లు తెలియని పెద్ద నంబరు చూడగానే మర్యాదగా జవాబివ్వడం మానేసి కనెక్షన్ తెంపేసేవి. మధ్యలో ఉండే ఫైర్‌వాల్స్, తనిఖీ పెట్టెలు అంతకన్నా ఘోరం. ఏళ్ల తరబడి ఎవరూ కొత్త నంబరు పంపలేదు కాబట్టి ఆ తప్పు ఎవరికీ కనిపించలేదు. తలుపు ఎప్పుడూ తెరవకపోతే బందులు తుప్పుపడతాయి, అంతే.

అందుకని 1.3 వేషం వేసుకుని వెళ్లింది. పైకి 1.2. అసలు సంగతి ఎక్స్‌టెన్షన్‌లో. చాలదని తేలాక పాత సెషన్‌ని తిరిగి మొదలుపెడుతున్నట్టు నటించింది, అవసరం లేకపోయినా ఛేంజ్ సైఫర్ స్పెక్ అనే పాత మెసేజ్ ఒకటి ఉత్తుత్తిగా పంపింది. 28 డ్రాఫ్ట్‌లు పట్టింది. 2018 ఆగస్టులో ఆర్‌ఎఫ్‌సీ 8446గా వచ్చింది, ఎడిటర్ ఎరిక్ రెస్కోర్లా.

బందులకి నూనె రాసే పని కూడా పెట్టారు. దాని పేరే గ్రీజ్, ఆర్‌ఎఫ్‌సీ 8701. క్లయింటు అప్పుడప్పుడూ అర్థంలేని విలువలు కావాలనే పంపుతుంది. తెలియనిది వస్తే పట్టించుకోకూడదన్న నియమం సర్వర్లు మరిచిపోకుండా.

ఇందులో గవర్నెన్స్ ఎక్కడుందంటారా? 2016లో బ్యాంకుల తరఫున లిస్టుకి ఒక విన్నపం వచ్చింది. పాత ఆర్‌ఎస్‌ఏ కీ మార్పిడి తీసేస్తే మా డేటా సెంటర్లలో మా ట్రాఫిక్‌నే మేం విప్పి చూసుకోలేం, ఉంచండి అని. దాన్ని ఉంచితే ఒక్క ప్రైవేట్ కీ దొరికినవాడికి పాత సంభాషణలన్నీ తెరిచిన పుస్తకం. వర్కింగ్ గ్రూప్ కుదరదంది. తర్వాత రెండు మూడు రూపాల్లో అదే అడిగారు, మళ్లీ కుదరదన్నారు. అమెరికా నిఘా గుట్టు విప్పిన స్నోడెన్ పత్రాలు 2013లో బయటపడ్డాక, 2014 మేలో ఆర్‌ఎఫ్‌సీ 7258 వచ్చింది, సామూహిక నిఘా కూడా దాడే అని. ఆ కాగితమే లేకపోతే బ్యాంకుల వాదన నెగ్గేదేమో. ఇది నా అంచనా మాత్రమే.

సున్నాబైటు:

మొత్తం చదివాను. మా ఆఫీసు ఫైర్‌వాల్ ఫొటో తీసి దానికి దండేశాను.

తాళంచెవి:

నేను సర్టిఫికెట్ల వైపు నుంచి వచ్చాను. ఒక సీఏలో కంప్లయన్స్ ఉద్యోగం. కంప్లయన్స్ అంటే సెక్యూరిటీ వాళ్లు ముఖం తిప్పుకుంటారు, చెక్‌లిస్టులు నింపే పని అని. నాకైతే ఇంతకన్నా పదునైన పని దొరకలేదు.

2011లో నెదర్లాండ్స్‌కి చెందిన డిజినోటార్ అనే సీఏలోకి ఎవరో చొరబడి 500కి పైగా దొంగ సర్టిఫికెట్లు పుట్టించారు. అందులో గూగుల్ పేరు మీద ఒకటి. దాంతో ఇరాన్‌లో జీమెయిల్ వాడేవాళ్ల ట్రాఫిక్ మధ్యలో విప్పారు. ఎలా దొరికింది? ఏ ఆడిట్‌లోనూ కాదు. క్రోమ్‌లో గూగుల్ సైట్లకి ఏ సీఏలు చెల్లుతాయో ముందే రాసిపెట్టి ఉంది, అది హెచ్చరిక చూపించింది, ఒక వాడుకరి ఆ సంగతి బయటపెట్టాడు. సెప్టెంబరుకల్లా కంపెనీ దివాలా.

దాంట్లోంచి పుట్టిందే సర్టిఫికెట్ ట్రాన్స్‌పరెన్సీ, 2013లో ఆర్‌ఎఫ్‌సీ 6962. ఇచ్చిన ప్రతి సర్టిఫికెట్టూ చెరపడానికి వీల్లేని బహిరంగ లాగ్‌లో రాయాలి. దొంగతనాన్ని ఆపదు, దాచనివ్వదు. 2018 నుంచి క్రోమ్ కొత్త సర్టిఫికెట్లన్నిటికీ తప్పనిసరి చేసింది. అదే ఏడాది సిమాంటెక్ పాత వ్యవస్థ ఇచ్చిన సర్టిఫికెట్లని నమ్మడం మానేసింది. అంత పెద్ద సీఏని! అప్పుడు మా ఆఫీసులో పిన్ డ్రాప్ అయినా వినపడేది. ఈ రంగంలో చట్టం ఎక్కడుందో ఆ రోజు తెలిసింది. బ్రౌజర్‌లో ఉండే ఒక జాబితాలో ఉంది.

ప్యాచ్ గారూ, మీకు నా సలహా ఒకటే. సీఏలు తప్పు చేస్తే లోపాలు నమోదుచేసే మొజిల్లా వారి సైట్ బగ్‌జిల్లాలో బహిరంగంగా ఇన్సిడెంట్ రిపోర్టు పెట్టాలి. ఏం జరిగింది, ఎప్పుడు తెలిసింది, ఎందుకు జరిగింది అన్నీ. కింద ఎవరైనా ప్రశ్నలు అడగొచ్చు. ఏ పదవీ లేనివాళ్లు అక్కడ అడిగిన ప్రశ్నలకి సీఏలు చెమటలు కక్కడం చూశాను. ఏ కోర్సులోనూ ఈ చదువు దొరకదు.

సున్నాబైటు:

సర్టిఫికెట్ గడువు 47 రోజులకి తగ్గిస్తున్నారట కదా. మావాళ్లు ఏడాదికోసారి వచ్చేదాన్నే మర్చిపోతారు.

తాళంచెవి:

మర్చిపోతారనే తగ్గిస్తున్నారు. ఏడాదికోసారి చేసే పని చేత్తో చేస్తాం, మర్చిపోతాం. నెలకోసారి చేయాల్సిందైతే విసుగెత్తి స్క్రిప్టు రాస్తాం. ఒక్కసారిగా కాదు లెండి: గరిష్ఠ గడువు 398 రోజుల నుంచి 2026 మార్చి 15న 200కి, 2027లో 100కి, 2029 మార్చి 15న 47కి. 2025 ఏప్రిల్‌లో ఓటు పడింది. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సీఏ 2015లో 90 రోజులతో, ఉచితంగా, ఆటోమేటిగ్గా మొదలుపెట్టినప్పుడు నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను. ఆ ఆటోమేటిక్ పద్ధతి, అంటే ఏక్మీ ప్రోటోకాల్, 2019లో ఆర్‌ఎఫ్‌సీ అయ్యేసరికి నా నవ్వు ఆగిపోయింది.

పట్టికమాస్టారు:

ఐకాన్ వైపు ఎవరూ మాట్లాడలేదు కనక నేను దూరుతున్నాను. పన్నెండేళ్లు ఆ మీటింగుల్లో కూర్చున్నవాణ్ని.

మొదట్లో ఈ పట్టికలన్నీ జాన్ పోస్టెల్ అనే ఒక్క మనిషి చూసుకునేవారు. 1998 జనవరి 28న ఆయన రూట్ సర్వర్లు నడిపేవాళ్లలో ఎనిమిదిమందికి మెయిల్ పెట్టారు, ఇకమీదట రూట్ జోన్ నా యంత్రం నుంచి తీసుకోండి అని. వాళ్లు తీసుకున్నారు! అమెరికా ప్రభుత్వం ఉలిక్కిపడింది. ఆయన అది పరీక్ష మాత్రమే అన్నారు, కొద్దిరోజుల్లో వెనక్కి మార్చారు. అదే సెప్టెంబరులో ఐకాన్ పుట్టింది, అక్టోబరు 16న పోస్టెల్ పోయారు. అమెరికా ప్రభుత్వ కాంట్రాక్టు 2016 అక్టోబరు 1న ముగిసేదాకా మరో 18 ఏళ్లు పట్టింది. ఒక మనిషి మాటమీద నడిచినదాన్ని కాగితం మీద పెట్టడానికి అంతకాలం.

సెక్యూరిటీవాళ్లకి నచ్చేది కీ సెర్మనీ. రూట్ సంతకం కీ ఉన్న పెట్టెలు అమెరికాలో రెండు చోట్ల, ఇటు తూర్పున ఒకటి అటు పడమరన ఒకటి. ఏడాదికి నాలుగుసార్లు, వేరువేరు దేశాలనుంచి వచ్చినవాళ్ల ముందు, అడుగడుగూ స్క్రిప్టు ప్రకారం, లైవ్ వీడియోలో తెరుస్తారు. 2020 ఫిబ్రవరిలో అంతా సిద్ధమయ్యాక సేఫ్ తెరుచుకోలేదు. తాళం చెడిపోయింది. డ్రిల్లు పెట్టి తెరిచి నాలుగు రోజులు ఆలస్యంగా కానిచ్చారు. క్రిప్టోగ్రఫీ అంతా ఒకెత్తు, ఇనప్పెట్టె గడియ ఒకెత్తు. మీరు 13 రూట్ సర్వర్ల వీడియోలు కూడా చూసే ఉంటారు...

గడపకాపరి:

మాస్టారూ, అడ్డొస్తున్నాను. 13 అనేది పేర్ల లెక్క, ఏ నుంచి ఎం దాకా. యంత్రాలు వెయ్యికి పైగా ఉన్నాయి, ఒకే చిరునామాకి చాలాచోట్ల యంత్రాలు జవాబిచ్చే ఎనీకాస్ట్ పుణ్యమా అని. కొత్తవాళ్లు 13 పెట్టెలు పేలిస్తే ఇంటర్నెట్ ఆగుతుందనుకుంటారు.

పట్టికమాస్టారు:

చెప్పబోతున్నానయ్యా, ఆగలేకపోయావు.

ఎర్రగీత:

సేఫులూ కెమెరాలూ బాగానే ఉన్నాయి. రెండు సంగతులు గుర్తుచేస్తాను.

ఒకటి, డాట్ ఆర్గ్. 2019 నవంబరులో ఆ పేర్ల పట్టిక నడిపే రిజిస్ట్రీని ఎథోస్ క్యాపిటల్ అనే ప్రైవేటు సంస్థకి 113.5 కోట్ల డాలర్లకి అమ్మేస్తున్నట్టు దాని యజమాని ఇంటర్నెట్ సొసైటీయే చెప్పింది. స్వచ్ఛంద సంస్థల పేర్లన్నీ ఉండే చోటు. గోల గోల అయింది. 2020 ఏప్రిల్ 30న ఐకాన్ బోర్డు కుదరదంది. ఆపింది ఎవరు? మీ బహుపక్ష విధానం దానంతటదే ఆపిందా, బయట జనం రచ్చ చేస్తే ఆపిందా?

రెండు, డబ్ల్యూత్రీసీలో ఈఎంఈ. వెబ్ వీడియోలో కాపీ తాళాలకి ప్రామాణిక ద్వారం. దాంట్లో లోపాలు వెతికే పరిశోధకుల మీద కేసులు వేయబోమని సభ్యులు మాటివ్వాలని డిజిటల్ హక్కుల సంఘం ఈఎఫ్ఎఫ్ అడిగింది. ఇవ్వలేదు. 2017 సెప్టెంబరులో ప్రమాణం ఆమోదించారు, ఈఎఫ్ఎఫ్ అదేరోజు రాజీనామా చేసింది. ప్యాచ్ గారూ, మీరు కంతలు వెతికేవాళ్లు. మీ వృత్తి గురించిన మాట అక్కడ ఓడిపోయింది, గుర్తుంచుకోండి.

పట్టికమాస్టారు:

డాట్ ఆర్గ్ మీద నీ ప్రశ్న న్యాయమే. నేను ఆ గదిలో ఉన్నాను. బయట రచ్చ లేకపోతే లోపల మాకు ధైర్యం వచ్చేది కాదు. లోపల అడగాల్సిన చోట అడిగేవాళ్లు లేకపోతే రచ్చ గాలికి పోయేది. ఇంతకన్నా శుభ్రమైన జవాబు నా దగ్గర లేదు.

అర్ధరాత్రిప్యాచ్:

అందరికీ ధన్యవాదాలు. ఊహించినదానికి పదిరెట్లు దొరికింది. ఇంకో తెలివితక్కువ ప్రశ్న: రోజంతా అసలు ఏం చేస్తారు? కోడ్ రాస్తారా?

గడపకాపరి:

చదువుతాం. రాస్తాం. మళ్లీ చదువుతాం. ఇందులో పనిముట్టు భాష.

ఆర్‌ఎఫ్‌సీల్లో తప్పనిసరి అనడానికి ఒక మాట, వీలైతే చేయి అనడానికి ఇంకో మాట ఉంటాయి, పెద్దక్షరాల్లో. వాటి అర్థాలు 1997లో ఆర్‌ఎఫ్‌సీ 2119లో రాసిపెట్టారు. ఒకసారి ఒక్క వాక్యంలో ‘వీలైతే’ని ‘తప్పనిసరి’ చేయడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. అడ్డుపడ్డవాడు విరోధి కాదు, అతని దగ్గర చిన్న పరికరాలున్నాయి, వాటిలో ఆ పని చేసే మెమరీ లేదు. చివరికి ఆ పరికరాలకి మినహాయింపు రాస్తూ మిగతావాళ్లకి తప్పనిసరి చేశాం. ఆ ఏడాది నా పని ఏమిటని మేనేజర్ అడిగితే ఆ వాక్యం చూపించాను. ఆయన నన్నూ వాక్యాన్నీ మార్చి మార్చి చూశాడు. ఇంక్రిమెంటు సంగతి అడక్కండి.

నా మొదటి డ్రాఫ్ట్ గురించి కూడా చెప్పాలి. 19 పేజీలు, బొమ్మలతో సహా. లిస్టులో పెడితే ఒకే ఒక్క జవాబు వచ్చింది: దీన్ని ఎవరు అమలు చేస్తున్నారు? ఎవరూ చేయట్లేదు. ఇంటర్నెట్ డ్రాఫ్ట్‌కి ఆర్నెల్లే ఆయుష్షు, ఎవరూ తిరిగి చూడకపోతే గడువు తీరిపోతుంది. నాది అలాగే పోయింది. ఇప్పుడు కొత్తవాళ్లు డ్రాఫ్ట్ రాస్తామంటే వద్దంటాను. ముందు వేరేవాళ్ల డ్రాఫ్ట్ చదివి, దాని ప్రకారం కోడ్ రాసి, ఎక్కడ తడబడ్డారో లిస్టుకి చెప్పండి. పొగడ్తలూ వాదనలూ రోజూ వస్తాయి. రాసింది రాసినట్టు చేసి చూశాను, మూడో అధ్యాయం దగ్గర ఆగిపోయాను అనే మెయిల్ ఏడాదికి ఒకటో రెండో వస్తాయి. ఆ పేరు ఎవరూ మర్చిపోరు.

తాళంచెవి:

ఉద్యోగాల మాట కూడా చెప్పేస్తాను, ఎవరూ చెప్పడం లేదు. ‘ఇంటర్నెట్ గవర్నెన్స్ నిపుణుడు కావలెను’ అనే ప్రకటన అరుదు. ఉద్యోగాలుండేది ఇక్కడ: ఏ సీఏని నమ్మాలో తేల్చే బ్రౌజర్ల రూట్ ప్రోగ్రాములు, సీడీఎన్‌లు, రిజిస్ట్రీలు, ఐపీ చిరునామాలు పంచే ఐదు ప్రాంతీయ సంస్థలు, కొన్ని పౌర సంఘాలు, నియంత్రణ సంస్థలు. ఎక్కువమంది ఇంకేదో పేరుతో చేరి, పనిలో ఐదో వంతు ఇటు పెట్టి, మెల్లగా తిప్పుకున్నవాళ్లే. పౌర సంఘంలో జీతం మీ ఇప్పటిదానిలో సగం ఉంటుందని అనుకునే వెళ్లండి. ఐకాన్‌కి ఫెలోషిప్ ఉంది, ఐఈటీఎఫ్ మీటింగుకి ఇంట్లోంచి హాజరైతే ఫీజు మినహాయింపు అడగొచ్చు. లిస్టులో చేరడానికి ఎవర్నీ అడగక్కర్లేదు.

ఎర్రగీత:

ఇంత తిట్టినవాణ్ని నేనూ పదేళ్లుగా రెండు లిస్టుల్లో ఉన్నాను. చెప్పలేదు కదూ.

సున్నాబైటు:

అనుకున్నాను! ఇంత వివరంగా తిట్టాలంటే లోపలివాడై ఉండాలి.

అర్ధరాత్రిప్యాచ్:

మూడు వారాల తర్వాత వస్తున్నాను. గడపకాపరి గారు చెప్పినట్టే చేశాను. ఏక్మీకి సంబంధించిన ఒక డ్రాఫ్ట్ తీసుకుని చిన్న క్లయింట్ రాయబోయాను. ఒకచోట ఎర్రర్ వస్తే మళ్లీ ప్రయత్నించాలా, ఆపేయాలా అన్నది రెండు పేరాల్లో రెండు రకాలుగా ఉంది. మూడురోజులు తప్పు నాదే అనుకున్నాను. తర్వాత ఎనిమిది లైన్ల మెయిల్ రాసి, పంపు బటన్ మీద వేలు పెట్టి గంట కూర్చున్నాను.

రచయితల్లో ఒకరు ఆ సాయంత్రమే జవాబిచ్చారు. మొదటి పేరా పాతది, తీయడం మర్చిపోయాం అని. ఇంకొకాయన మాత్రం ఒప్పుకోలేదు, మొదటిదే సరైనదట. ఇప్పుడు వాళ్లిద్దరూ వాదించుకుంటున్నారు, పదకొండు మెయిళ్లయ్యాయి. నిన్న ఒకరు నన్ను అడిగారు: ఆపేస్తే మీ క్లయింట్‌లో ఏమవుతుంది, మళ్లీ ప్రయత్నిస్తే ఏమవుతుంది, రెండూ నడిపి చూసి చెప్పగలరా అని.

శని, ఆదివారాలు దానికే.

గడపకాపరి:

లాగ్‌లు దాచుకోండి. అడుగుతారు.